గీత గీసిన తండ్రి

పేరు వేయవద్దని కోరిన ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. చాలా పొడవుగా ఉంది కాబట్టి కుదించాను. కొన్ని మాటలు మాత్రం ఆవిడవే.

ఆవిడకు 34 ఏళ్లు. నాలుగేళ్లుగా ఒక ఫాంటసీ నవల రాస్తున్నారు. కథలో ఒక మాంత్రికుడు, అతనికి పదహారేళ్ల కూతురు. పిల్ల చిన్నప్పుడే తల్లిని ఒక నీడ ఎత్తుకుపోయింది. ఆ నీడ మళ్లీ వస్తుంది, ఈసారి పిల్ల కోసం. అందుకని తండ్రి ప్రతి సాయంత్రం ఇంటి చుట్టూ బూడిదతో గీత గీస్తాడు. గీసిన ప్రతిసారీ అతని ఆయుష్షులో ఒక రోజు తరిగిపోతుంది. కూతురికి ఇదేమీ తెలియదు. గీత అవతల లోకమే లేదని, అంతా ఎప్పుడో తగలబడిపోయిందని చెప్పి పెంచాడు. ఒకనాడు గీతకు అటువైపు ఆమెకు తన ఈడు అమ్మాయి కనిపిస్తుంది. ఇద్దరికీ స్నేహం కుదురుతుంది. సంగతి తండ్రికి తెలుస్తుంది. ఆ రాత్రి కూతురు నిద్రలో ఉండగా నుదుటి మీద చెయ్యి పెట్టి, ఆ స్నేహితురాలి జ్ఞాపకాన్ని తుడిచేస్తాడు. చివరి అధ్యాయంలో కూతురికి నిజమంతా తెలుస్తుంది. అప్పటికి తండ్రి ఆఖరి ఘడియల్లో ఉంటాడు. ఆమె క్షమిస్తుంది.

డ్రాఫ్టును ఇద్దరు ఫ్రెండ్స్ చదివారు. ఒకరు ఏడ్చారట. రెండో ఆవిడకు ఒళ్లు మండింది. "ఫాంటసీలో ఈ నాన్నలంతా ఇంతే. పిల్లని బంధించి దానికి ప్రేమ అని పేరు పెడతారు. చెడ్డ తండ్రులు వీళ్లు. నువ్వేమో చివర్లో అతన్ని దేవుణ్ణి చేశావు" అన్నారట. మాటా మాటా పెరిగింది. ఇప్పుడు ముగ్గురి మధ్యా మాటల్లేవు.

ఉత్తరంలో రెండో సగం ఆవిడ నాన్నగారి గురించి. ఆవిడకు ఏడేళ్లప్పుడు అమ్మ రోడ్డు ప్రమాదంలో పోయారు. నాన్నే పెంచారు. "స్కూలుకి సైకిల్ మీద వెళ్లే రోజుల్లో ప్రతి పొద్దునా వంగి రెండు టైర్లూ బొటనవేలితో నొక్కి చూసేవారు, గాలి ఉందో లేదో అని. తర్వాత ఆ వేలు తువ్వాలుకి తుడుచుకునేవారు. కానీ స్కూలుకి తప్ప ఆ సైకిల్ వీధి మలుపు దాటకూడదు." ఎక్స్‌కర్షన్లు లేవు, ఫ్రెండ్స్ ఇళ్లలో ఉండటాలు లేవు. "ఇంటర్ అయ్యాక వేరే ఊళ్లో ఒక కాలేజీకి అప్లై చేశాను. సీటు రాలేదన్నారు నాన్న. పెళ్లయ్యాక ఒకసారి బీరువా సర్దుతుంటే ఆ కాలేజీ వాళ్ల ఉత్తరం దొరికింది. సీటు వచ్చింది. నేనేమీ అడగలేదు. మళ్లీ అక్కడే పెట్టేశాను."

ఆయనకిప్పుడు 67. రోజూ రాత్రి ఫోన్ చేస్తారు. రెండు నెలలుగా నవల చదువుతానని అడుగుతున్నారు. ఈవిడ ఏదో ఒకటి చెప్పి దాటేస్తున్నారు. ఈవిడకూ ఆరేళ్ల కూతురు ఉంది. "అది పార్కులో జారుడుబల్ల ఎక్కుతుంటే నా చెయ్యి దానంతటదే ముందుకెళ్తుంది. నేనూ అలాగే తయారవుతున్నానా అని టెన్షన్."

అడిగినవి మూడు. నా మాంత్రికుడు చెడ్డ తండ్రేనా? ముగింపు మార్చాలా? నాన్నని చదవనివ్వాలా?

జవాబు

మీ మూడు ప్రశ్నలూ జడపాయల్లా అల్లుకుపోయి ఉన్నాయి. మీ ఫ్రెండ్ మాంత్రికుణ్ణి అన్న మాట మీకు అంతగా తగిలిందంటే, నిజానికి ఆ మాట ఎవరిని తాకిందో మీకూ తెలుసు. అందుకే పాయలు విడదీసి చూద్దాం. ముందు కథల సంగతి.

ఫాంటసీలో తండ్రిని మామూలు తండ్రిని తూచినట్టు తూచలేం. మన ఇళ్లలో తండ్రి భయానికి రుజువు ఉండదు. "ఏమైనా అయితే?" అంటాడు. ఆ "ఏమైనా" ఎప్పటికీ కాకపోవచ్చు. ఫాంటసీలో ఆ ప్రశ్నకు రచయితే జవాబు రాసేసి ఉంటారు. నీడ నిజంగానే గుమ్మం బయట కాచుకుని ఉంటుంది, శాపం నిజంగానే తగులుతుంది. ఆ మేరకు మీ మాంత్రికుడిని అనుమానపు మనిషి అనడానికి లేదు. ఇక రెండో వైపు చూడండి. మామూలు తండ్రి తలుపు గడియ పెట్టగలడు, అరవగలడు, అలగగలడు. అంతకుమించి చేతిలో ఏమీ ఉండదు. పిల్ల కిటికీలోంచి చూస్తుంది, పుస్తకం చదువుతుంది, పక్కింటి అమ్మాయితో కబుర్లు చెబుతుంది. లోకం ఎలాగోలా లోపలికి వస్తూనే ఉంటుంది. ఫాంటసీ తండ్రి చేతిలో మంత్రం ఉంటుంది. అతను తలుచుకుంటే దారులన్నీ మూసేయగలడు, తలలోంచి ఒక మనిషినే తీసేయగలడు. భయం న్యాయమైనదే, దానికి అందివచ్చిన శక్తికే హద్దు లేదు. అందుకే ఈ తండ్రుల మీద జాలీ కోపమూ ఒకేసారి వస్తాయి. మీ ఇద్దరు ఫ్రెండ్సూ మీ కథను సరిగానే చదివారు. ఒకరికి అతని భయం కనిపించింది, ఇంకొకరికి అతని శక్తి కనిపించింది.

ఈ తండ్రుల్లో చాలామందికి భార్య ఉండదు, గమనించారా? 2003లో వచ్చిన 'ఫైండింగ్ నీమో' యానిమేషన్ సినిమాలో తండ్రి చేప ఒక్క దాడిలో భార్యనీ వందల గుడ్లనీ పోగొట్టుకుంటాడు. ఒకే ఒక్క గుడ్డు మిగులుతుంది, అందులోంచి వచ్చిన కొడుకే నీమో. ఆ మొదటి నిమిషాలు చూశాక అతని అతిజాగ్రత్తను తప్పుపట్టడానికి నోరు రాదు. తల్లి పోయిన ఇంట్లో తండ్రి భయం ఒక్కటే గొంతుగా మిగులుతుంది. "పోనీలెండి, ఒక్కసారి వెళ్లి రానివ్వండి" అనే రెండో గొంతు ఉండదు. ఆ మాట ఆఖరికి పిల్లే అనాల్సి వస్తుంది. అప్పుడది మాటలా వినిపించదు, తిరుగుబాటులా వినిపిస్తుంది.

మరి ఎవరు చెడ్డ తండ్రి? ఎంత భయపడ్డాడు, ఎంత గట్టి కంచె వేశాడు అన్నదాన్ని బట్టి నేను తేల్చను. తన భయంలో ఎంత భాగం పిల్లకు చెప్పాడు అన్నదే చూస్తాను.

శాపం తగిలి నిద్రపోయిన రాకుమారి కథ మీకు తెలిసే ఉంటుంది. ఫ్రెంచిలో షార్ల్ పెరో 1697లో అచ్చువేసిన రూపం ఒకటి, జర్మన్‌లో గ్రిమ్ సోదరులు 1812లో ప్రచురించిన రూపం ఒకటి. రెండింటిలోనూ ఆపద ఒక్కటే, నూలు వడికే కదురు. రాజు దేశంలో కదురన్నదే లేకుండా చేయిస్తాడు. పెరో కథలోనైతే ఇంట్లో కదురు ఉంచుకుంటే మరణదండన. ఇంతకంటే జాగ్రత్త తీసుకునే తండ్రి ఎక్కడైనా ఉంటాడా? ఇప్పుడు గ్రిమ్ కథలో ఆ అమ్మాయికి పదిహేనేళ్లు నిండిన రోజు చూడండి. ఆ రోజు తల్లీ తండ్రీ ఇంట్లో ఉండరు. ఆమె కోటంతా తిరుగుతూ ఒక పాత బురుజు మెట్లెక్కుతుంది. తలుపుకు తుప్పుపట్టిన తాళంచెవి ఉంటుంది. తిప్పితే తెరుచుకుంటుంది. లోపల ఒక ముసలమ్మ నూలు వడుకుతూ ఉంటుంది. ఇంత సరదాగా గంతులేస్తున్న ఇదేమిటి అని అడుగుతూ అమ్మాయి చెయ్యి చాపుతుంది.

ఆ చాచిన చెయ్యి దగ్గర ఒక్క నిమిషం ఆగండి. అది కదురని ఆమెకు తెలియదు. తెలిసే వీలే లేకుండా చేశాడు తండ్రి. కూతురికి ఊహ తెలిశాక ఒక్కసారి పక్కన కూర్చోబెట్టుకుని "ఇదిగో, దీన్ని కదురంటారు. దీని మొన నీకు ప్రాణగండం. ఎక్కడ కనిపించినా దగ్గరికి పోకు" అని చెప్పి ఉంటే? శాపం అప్పుడు కూడా తగిలేదేమో, కథల్లో శాపాలు అంత తేలిగ్గా వదలవు. కానీ కనీసం చెయ్యి వెనక్కి తీసుకునే అవకాశమైనా ఆ పిల్లకు ఉండేది. దేశంలో కదుళ్లన్నీ తగలబెట్టించిన మనిషి, అవసరమైన ఆ ఒక్క రోజున ఇంట్లో లేడు. ఎప్పటికీ పక్కనే ఉండటం ఏ తండ్రికీ కుదరదు కదా. ఆ రాజును నేను చెడ్డవాడు అనను. భయంతో ఒక పెద్ద పొరపాటు చేశాడు అంటాను.

చెడ్డ తండ్రి అని నేను అనేవాళ్లూ ఉన్నారు. భాగవతం దశమస్కంధంలో వెయ్యి చేతుల బాణాసురుణ్ణి తీసుకోండి. ఆయన కూతురు ఉష కలలో కృష్ణుడి మనవడు అనిరుద్ధుణ్ణి చూస్తుంది. చెలికత్తె చిత్రరేఖ అతన్ని ద్వారక నుంచి తెచ్చి అంతఃపురంలో దింపుతుంది. కాపలావాళ్లు పరుగెత్తుకెళ్లి రాజుకు చెప్పేది అమ్మాయికి ఆపద వచ్చిందని కాదు, వంశానికి మచ్చ వచ్చిందని. ఆయన లేచి కదిలింది ఆ మాటకే. కృష్ణుడు నాలుగు చేతులు మిగిల్చి తక్కినవి నరికేసేదాకా ఆగలేదు. ఆ కంచె కూతురి కోసం వేసింది కాదు, తన పరువు కోసం వేసుకున్నది. బయటినుంచి చూస్తే రెండు రకాల కంచెలూ ఒకేలా ఉంటాయి. మీ మాంత్రికుడిలో పరువు గొడవ ఎక్కడా లేదు. ఈ తేడా మీ రెండో ఫ్రెండ్ గమనించినట్టు లేదు.

మీ నవలకు అన్నిటికంటే పనికొచ్చేది ఇంగ్లిష్ రచయిత టోల్కీన్ రాసిన ఇద్దరు తండ్రుల కథ అనుకుంటున్నాను. ఇద్దరికీ ఆయన ఒకే కష్టం పెట్టారు. చావులేని జాతిలో పుట్టిన కూతురు, చావు తప్పని మనిషిని ప్రేమిస్తుంది. 1977లో వచ్చిన 'ది సిల్మరిలియన్'లో థింగోల్ రాజు ఆ కుర్రాణ్ణి చంపనని కూతురికి మాటిస్తాడు. మాట తప్పకుండానే, చీకటి ప్రభువు కిరీటంలోని మణి తెస్తే పిల్లనిస్తానంటాడు. అంటే చావడానికి పంపాడన్నమాట. కూతురు అతని వెంట వెళ్లబోతే, ఆకాశమంత చెట్టు మీద ఇల్లు కట్టించి అందులో ఉంచి నిచ్చెనలు తీయించేస్తాడు. ఆమె మంత్రంతో జుట్టు పెంచి, ఆ జుట్టుతోనే తాడు నేసి, కాపలావాళ్లను నిద్రపుచ్చి దిగి వెళ్లిపోతుంది. ఆయన అడిగిన ఆ మణే చివరకు ఆయన ప్రాణం తీసింది.

రెండో తండ్రి ఎల్రాండ్. 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మూడో భాగం 1955లో వచ్చింది, దాని అనుబంధంలో ఈయన కథ ఉంటుంది. ఈయన భార్య శత్రువుల చేతికి చిక్కి గాయపడి, ఆ తర్వాత సముద్రం దాటి శాశ్వతంగా వెళ్లిపోయింది. భయపడటానికి అంతకంటే కారణం కావాలా? ఈయనా షరతు పెడతాడు, రెండు రాజ్యాలకు రాజైతే తప్ప పిల్లనివ్వనని. కానీ ఆ కుర్రాణ్ణి రెండేళ్ల వయసు నుంచి తన ఇంట్లో పెట్టుకుని పెంచింది ఈయనే. శత్రువులు వెతుకుతున్నారని అతని అసలు పేరును అతనికే తెలియకుండా దాచాడు. ఇరవై ఏళ్లు వచ్చాక పిలిచి, నువ్వు ఫలానా అని అంతా చెప్పేశాడు. కూతురి విషయంలో నిర్ణయం ఆమెకే వదిలాడు. ఆమె మనిషిగా బతికి చనిపోవడాన్నే ఎంచుకుంది. మళ్లీ ఎప్పటికీ కలవలేమని తెలిసే ఇద్దరూ విడిపోయారు.

ఎల్రాండ్ కూడా దాచాడు, చూశారా. దాచడమే నేరమైతే ఏ తల్లీ తండ్రీ మిగలరు. ఎప్పటిదాకా దాచారు, ఎవరి మేలు కోసం దాచారు, పిల్ల ఎదిగాక తాళంచెవి చేతికిచ్చారా లేదా, ఇవీ అడగాల్సినవి.

ఇంకొక్క కథ చెప్పి మీ నవలకు వస్తాను. డెన్మార్క్ రచయిత ఆండర్సన్ 1837లో రాసిన జలకన్య కథలో సాగరరాజుకు భార్య లేదు, ఇంటి పెత్తనం ఆయన తల్లిది. పదిహేనేళ్లు రాగానే ఆడపిల్లలు పైకి వెళ్లి లోకం చూడొచ్చు, ఎవరూ అడ్డుకోరు. అడ్డుపడే తండ్రి 1989 నాటి డిస్నీ సినిమాలో వచ్చాడు. కూతురు గుహలో దాచుకున్న వస్తువుల్ని ఆయన త్రిశూలంతో పిండి పిండి చేస్తాడు. ఆమె నేరుగా మంత్రగత్తె దగ్గరికి వెళ్తుంది. ఏ ఆపద రాకూడదని భయపడ్డాడో, ఆ ఆపద వైపే తన చేతులతో తోశాడు. కానీ తర్వాత కూతురి బదులు తనను తాను అప్పగించుకునేదీ ఆయనే. చివర్లో అదే త్రిశూలంతో ఆమెకు కాళ్లిచ్చి పంపేదీ ఆయనే. నన్నడిగితే, మంచి తండ్రా చెడ్డ తండ్రా అని ఆ గుహలో సీన్ దగ్గర తేల్చేయడం తొందరపాటు.

ఇప్పుడు మీ మాంత్రికుడు. మీ డ్రాఫ్టులో కూతురి స్థానంలో కొడుకును పెట్టి ఒకసారి చదువుకోండి. ఫాంటసీలో కొడుకుల చేతికి కత్తి ఇచ్చి పంపుతారు, కూతుళ్లను బురుజుల్లో పెడతారు. నీమో లాంటి కథలు తక్కువ. కొడుకైతే ఈ తండ్రి గీత గీయడం నేర్పేవాడు అని మీకు అనిపిస్తే, మీ ఫ్రెండ్ కోపంలో ఎక్కువ పాలు న్యాయమే.

గీత గీయడంలో నాకు తప్పేమీ కనిపించలేదు. నీడ నిజం, పిల్ల చిన్నది. లోకం కాలిపోయిందన్న అబద్ధం ఆరేళ్ల పిల్లకు చెప్పాడంటే అర్థం చేసుకోగలను, పదహారేళ్ల పిల్లకు కూడా అదే చెబుతున్నాడంటే అర్థం చేసుకోలేను. జ్ఞాపకం తుడవడం మాత్రం వేరే సంగతి. అక్కడ అతను నీడ నుంచి కూతుర్ని కాపాడటంలేదు, ఆమెకు కలిగిన సంతోషాన్ని ఆమెకు తెలియకుండా తీసేసుకుంటున్నాడు. అది కాపలా కాదు, దొంగతనం.

పైగా ఆ స్నేహితురాలు ఏమైంది? మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే ఆ అధ్యాయం తర్వాత ఆమె మళ్లీ కనిపించదు. ఆమె జ్ఞాపకం ఎవరూ తుడవలేదు కదా. మర్నాడు సాయంత్రం గీత దగ్గరికి వచ్చి పిలుస్తుంది. లోపలి అమ్మాయి ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూస్తుంది. ఆ పేజీ మీరు రాయలేదు. రాసి చూడండి.

ముగింపు గురించి మీ ఫ్రెండ్ పైకి అనకపోయినా ఆవిడకు తగిలి ఉండొచ్చని నాకనిపించిన మాట చెబుతాను. కూతురు క్షమించడంలో ఇబ్బంది లేదు. క్షమించకుండా ఉండే వెసులుబాటు ఆమెకు లేకపోవడమే ఇబ్బంది. తండ్రి చావుబతుకుల్లో ఉన్నాడు. పైగా ఇన్నేళ్లూ నీ కోసం ఆయుష్షు తగ్గించుకున్నాడని అప్పుడే తెలిసింది. ఆ క్షణంలో ఎవరు కోప్పడగలరు? ఆమెకు తెలియకుండా ఆమె పేరు మీద ఒక అప్పు పెరిగింది, తెలిసిన రోజే తీర్చేయమంటున్నారు.

మీ ముందు దారులున్నాయి. జ్ఞాపకం తుడిచే ఘట్టం తీసేయొచ్చు. అప్పుడు అందరూ అతన్ని ఇష్టపడతారు, క్షమించడం తేలికవుతుంది, మీ ఫ్రెండ్స్ కూడా రాజీపడొచ్చు. కానీ మీ పుస్తకంలో అన్నిటికంటే నిజమైన పేజీ అదేనని నా నమ్మకం. రెండోది, అతన్ని చావనిచ్చి క్షమాపణ మాత్రం ఆపేయడం. కథకు బలం వస్తుంది, రాయడానికి మీ మనసు ఒప్పుకోవడం మాత్రం కష్టం. మూడోది నాకు నచ్చింది. నిజం ముందే బయటపడనివ్వండి, తండ్రిని బతకనివ్వండి. కూతురు కోపంగా గీత దాటనీ. ఆ రాత్రి అతను గీత గీయకుండా కూర్చోవాల్సి వస్తుంది, లోపల కాపాడటానికి ఎవరూ లేరు కాబట్టి. ఆమె తిరిగి వస్తుందో రాదో, వస్తే ఏమంటుందో. నవల మరో నాలుగైదు అధ్యాయాలు పెరుగుతుంది, మొదటి ఫ్రెండ్ కన్నీళ్లు తగ్గొచ్చు. క్షమిస్తే మాత్రం ఆ క్షమ ఆమె సొంతమవుతుంది.

ఇక మీ నాన్నగారు.

బీరువాలో దొరికిన ఉత్తరం గురించి మీరు రెండు మూడు ముక్కల్లో చెప్పి, వెంటనే ఆయన ఫోన్ల గురించి మొదలుపెట్టారు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. జ్ఞాపకం తుడిచే అధ్యాయం రాసింది ఆ ఉత్తరం దొరికిన మనిషే. మీకు రావాల్సిన ఒక జీవితం ఉందని మీకు తెలియకుండా చేశారు. అది చిన్న విషయం కాదు. మీరు దాన్ని చిన్నది చేసి రాశారు కాబట్టే ఈ మాట గట్టిగా అంటున్నాను.

అలాగని ఆయన మీ మాంత్రికుడు కాదు. ఆయన చేతిలో మంత్రాలు లేవు, మీకు సైకిలూ పుస్తకాలూ ఉన్నాయి, మీరు ఎదిగి ఇంటి నుంచి బయటికి వచ్చారు. ఆయన భయపడిన నీడకు రుజువు ఉండేది కాదు. కానీ ఒకసారి రోడ్డు మీద అది నిజమైంది, ఆయన కళ్లముందే ఇల్లు ఖాళీ అయింది. ఆ రాజు కదుళ్లను తగలబెట్టాడు, మీ నాన్నగారు ఆ ఉత్తరాన్ని తగలబెట్టలేదు, చింపలేదు. ఇన్నేళ్లూ బీరువాలోనే ఉంచారు. ఎందుకు ఉంచారో నేను చెప్పలేను, ఆయనే చెప్పాలి. ఉంచినంత మాత్రాన దాచడం ఒప్పయిపోదు. టైరు నొక్కి చూసిన చెయ్యీ ఉత్తరం దాచిన చెయ్యీ ఒక మనిషివే. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని కొట్టేయడం మీ వల్ల కాదు, నా వల్ల కూడా కాదు. అందుకే ఆయన మంచి తండ్రా కాదా అని నేను సర్టిఫికెట్ రాయను.

నవల సంగతికి వస్తే, ఇప్పుడే ఏమీ చెప్పకుండా చేతికివ్వొచ్చు. అప్పుడు ఆయన ఒంటరిగా కూర్చుని ఏదో ఒక పేజీలో తనను తాను గుర్తుపడతారు. నవలకు ఎదురు మాట చెప్పలేరు. "బాగుందమ్మా" అని ఊరుకుంటే, ఆ ఒక్క మాటకు అర్థం వెతుక్కుంటూ మీరు ఏళ్లు గడపాలి. పూర్తయ్యేదాకా ఇవ్వకుండా ఉండొచ్చు. అదీ తప్పు కాదు, డ్రాఫ్టు మీది. అలాగైతే సాకులు మానేసి "ముగింపు తేలలేదు నాన్నా, తేలాక ఇస్తాను" అని ఉన్నమాట చెప్పండి. కానీ అచ్చయ్యాక అందరితోపాటే ఆయనా చదువుతారని గుర్తుంచుకోండి. ఆయన మంచికేనంటూ ఆయనకు తెలియకుండా దాచడం మీకెక్కడో చూసినట్టు అనిపించవచ్చు. ఆ మాట మిమ్మల్ని నొప్పిస్తుందని తెలిసే రాస్తున్నాను.

ముందు ఉత్తరం గురించి అడిగి, తర్వాత నవల ఇవ్వడం ఇంకో దారి. నా మొగ్గు దీనివైపే. ఆ సాయంత్రం కష్టంగా గడుస్తుంది. ఆయన కోప్పడొచ్చు, ఏ ఉత్తరం అనొచ్చు, ఏడవొచ్చు. మీకు కావాల్సిన జవాబు రాకపోవచ్చు కూడా. కానీ అడిగేశాక మీ నవల నవలగా మిగులుతుంది, ఇంట్లో అనలేని మాటలన్నీ మోసే బరువు దాని మీద ఉండదు. అస్సలు అడగకుండా, కథలో రాసుకుని మనసు తేలిక చేసుకునే వాళ్లూ ఉన్నారు. అలా కుదిరితే మంచిదే. మీకు కుదరడంలేదని రోజూ రాత్రి ఫోన్ మోగగానే మీకే తెలుస్తూ ఉండాలి. ఆయన మనస్తత్వం మీకు తెలిసినంత నాకు తెలియదు, నిర్ణయం మీదే. అడిగిన వెంటనే క్షమించాలని కూడా ఏమీ లేదు. ఆయన ఆఖరి ఘడియల్లో లేరు, మీకు టైముంది.

మీ పాప గురించి కంగారు పడకండి. ఆరేళ్ల పిల్ల జారుడుబల్ల ఎక్కుతుంటే చెయ్యి ముందుకెళ్లాలి. దిగాక "నువ్వు పడతావేమోనని నాకు భయమేసింది" అని దానితో అనండి చాలు. రెండో ఫ్రెండ్‌కి మీరే ఫోన్ చేసి, ముగింపు విషయంలో నువ్వన్నదాంట్లో నిజం ఉందని చెప్పండి. గొడవ అక్కడే సగం తీరుతుంది.

అడగాలనుకుంటే ఫోన్‌లో వద్దు. ఇంటికి వెళ్లండి. ఆ ఉత్తరం బీరువాలోంచి తీసి చేతిలో పట్టుకుని అడగండి, ఏ ఉత్తరమన్న ప్రశ్నే రాకుండా. నవల ఇవ్వాలనుకున్న రోజున ఫైలు పంపకుండా కాగితాల మీద ప్రింటు తీసి ఇవ్వండి, పక్కన కాస్త ఖాళీ వదిలి. ఒక పెన్సిల్ కూడా ఇవ్వండి. ఆయన చదువుతున్నంతసేపూ ఎదురుగా కూర్చోకండి.